నాలుగో పర్లేదు

మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో ఈయనకి నేను నచ్చలేదేమో అని రెండు నెలలు లోలోపల కుమిలిపోయాను. తర్వాత తెలిసింది, ఆయన లోకం మొత్తంతోనూ అంతేనని. వంట ఎలా ఉందంటే పర్లేదు. కొత్త చొక్కా ఎలా ఉందంటే పర్లేదు. మా అమ్మ పోయినప్పుడు నేను మూడు రోజులు మంచం దిగలేదు. పక్కన కూర్చుని నా వీపు నిమురుతూ ఆయన అన్నదీ ఆ ఒక్క మాటే. కాకపోతే ఆ రోజు చివర్లో ఒక 'లే' తగిలించాడు.

ఒక్క మాట గురించి ఇంత చెబుతున్నానేమిటని విసుక్కోకండి. మా కొంప మునిగింది ఆ మాట దగ్గరే.

మాకు రెండు వందల పది ఆడగొర్రెలు ఉండేవి. మాకు అంటే మాకూ, మా మరిదికీ కలిపి. షెడ్డు ఒకటే, ఇల్లు ఒకటే, వంటగదులు మాత్రం రెండు. మేపడం, గిట్టలు కోయడం, ఈనేటప్పుడు కాచుకుని కూర్చోవడం మా ఆయన పని. కాగితాలు, ఫోన్లు, బండి, బయటి మనుషులు మా మరిది పని. ఆ ఇద్దరూ వదిలేసినవన్నీ నా పని.

గొర్రెని కంటితో చూసి దాని ఒంటి సంగతి చెప్పలేం. ఉన్ని అంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు. నాలుగు వేళ్ల మందాన పెరిగిందంటే, కింద ఎముకల గూడే ఉన్నా సరే పైకి బొద్దుగా, ముద్దుగా కనిపిస్తుంది. అందుకే చెయ్యి వెయ్యాలి. చివరి పక్కటెముక దాటాక నడుము మీద అరచెయ్యి ఆనించి, బొటనవేలితో వెన్నుపూసని నొక్కి, మిగతా వేళ్లతో పక్క ఎముకల కొసలు వెతకాలి. కొసలు గుండ్రంగా, మెత్తగా తగిలితే గొర్రె బాగున్నట్టు. గుచ్చుకుంటే లోపల తరిగిపోతున్నట్టు. మా ఆయన చెయ్యి ఈ సంగతి రెండు క్షణాల్లో తేల్చేసేది. బరువు కూడా చెప్పేవాడు. కాటా మీద పెట్టి చూస్తే కిలోకి మించి తేడా వచ్చేది కాదు. అందుకని చుట్టుపక్కల అందరూ ఆయన్ని 'తూకం' అనేవారు. "తూకం ఉన్నాడా?" అని ఎవరైనా ఫోన్ చేస్తే "తూకం స్నానానికెళ్లింది" అనేదాన్ని నేను.

పదిహేను రోజులకోసారి మంద మొత్తానికీ ఆ చెయ్యి పడేది. ఆయన నొక్కి మాట చెప్పేవాడు, నేను పక్కన రంగు సుద్ద పట్టుకుని గొర్రె వీపు మీద గుర్తు పెట్టేదాన్ని. మాట ఒకటే అయినా అందులో మూడు రకాలున్నాయని కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. మాటతో పాటే చెయ్యి కూడా పైకి లేస్తే, అది టక్కున అనే పర్లేదు. గొర్రె నిక్షేపంగా ఉందని అర్థం, గుర్తు అక్కర్లేదు. చెయ్యి అక్కడే ఉండిపోయి మాట సాగితే, పర్లే...దు, ఏదో అనుమానమని అర్థం. దానికి నీలం గీత, రోజూ నాలుగు గుప్పెళ్ల దాణా. ఇక పర్లేదులే అన్నాడంటే దాని మీద ఆశ వదులుకోమని. దానికి ఎర్ర గీత. ఆయన ఎప్పుడూ ఇది విడమరిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవయ్యారేళ్లు మా మంద ఆయన చేతి మీద, నా చెవి మీద నడిచింది. నాకు ఆ సంగతి కాస్త గర్వంగా కూడా ఉండేది.

నన్నూ అలాగే చూసేవాడు. వంటగదిలోంచి వెళ్తూ వెళ్తూ నా భుజం మీద రెండు వేళ్లు ఆనించి, చిన్నగా నొక్కి, టక్కున "పర్లేదు" అని పోయేవాడు.

"నన్ను కూడా మందలో కలిపేశారా?" అని గరిటె ఎత్తేదాన్ని.

పైకి అలా అనేదాన్ని గానీ, ఒక రోజు మర్చిపోతే ఆ రోజంతా నాకు ఏదో వెలితిగా ఉండేది. ఇరవయ్యారేళ్లలో ఎలా ఉన్నావని ఆయన నన్ను నోటితో అడగలేదు. ఆ రెండు వేళ్లే అడిగేవి, నేను చెప్పేలోపే వాటికి జవాబు తెలిసిపోయేది. నాకు జ్వరం వస్తోందని నాకన్నా ముందు ఆయనకి తెలిసేది.

మా మరిది మంచివాడే. కొత్త వస్తువు కనిపిస్తే మాత్రం నలభై రెండేళ్ల మనిషి కాస్తా పసివాడైపోతాడు. పోయిన ఏడాది చలి తగ్గగానే షెడ్డు దగ్గరికి ఒక గేటు తెచ్చి పెట్టించాడు. నడవాలా పొడుగ్గా, ఒక్క గొర్రె మాత్రమే పట్టేంత వెడల్పు. పైన రెండు కెమెరాలు, పక్కన రెండు, కింద కాటా. అటు చివర రెండు తలుపులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. గొర్రె నడిచి వెళ్తుంటే గేటు దాన్ని చూసి, ఒళ్లు బాగున్నదాన్ని ఎడమ దొడ్డిలోకి, తగ్గినదాన్ని కుడి దొడ్డిలోకి పంపుతుందట. ఎడమ వాటికి ఎండుగడ్డి, కుడి వాటికి గడ్డితో పాటు దాణా.

"ఉన్ని కింద ఏముందో దీనికెలా తెలుస్తుంది?" అన్నాను.

"ఇప్పుడు తెలీదు వదినా. అన్నయ్య నేర్పాలి. అన్నయ్య చెయ్యేసి చెప్పింది నువ్వు ఫోన్లో నొక్కు, ఇది దాని నడకా, ఆకారం, బరువూ చూసుకుని కలుపుకుంటుంది. ఆరు నెలలు నేర్పితే చాలు. ఆ తర్వాత అన్నయ్య చెయ్యి ఎంతో ఇదీ అంతే."

"మరి మీ అన్నయ్య ఏం చేస్తాడు?"

"హాయిగా కూర్చుంటాడు!"

అన్నగారు ఆ పక్కనే నిలబడి గేటుని ఎగాదిగా చూస్తున్నాడు. ఏమంటారన్నట్టు చూశాను. "పర్లేదు" అన్నాడు. అది మూడింటిలో ఏ రకమో నాకు మొదటిసారి అంతుపట్టలేదు.

నేర్పడం మొదలైంది. నా చేతిలోంచి సుద్ద పోయి ఫోన్ వచ్చింది. అందులో మూడు గుండ్రాలు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చ నొక్కితే టింగుమని తర్వాతి గొర్రెకి వెళ్లిపోయేది. ఎరుపు నొక్కినా అంతే. పసుపు నొక్కితే మాత్రం ప్రశ్నలు వేసేది. అనుమానం దేనివల్ల? ఏ భాగంలో? పోయిన సారికన్నా ఎక్కువా, తక్కువా? అవన్నీ పూర్తి చేస్తే గానీ కదిలేది కాదు. వెనకాల గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గోల పెడుతుంటే నేను మా ఆయన్ని అడిగేదాన్ని.

"ఏవండీ, అనుమానం దేనివల్ల అని అడుగుతోంది."

"అనుమానం అనుమానమే" అనేవాడు.

మరిదిని అడిగితే ఇంకోలా చెప్పాడు. "మరీ అన్నిటికీ పసుపు పెట్టకు వదినా, దానికి తికమకవుతుంది. అన్నయ్య పర్లేదన్నాడంటే పర్లేదనే కదా!"

వేసవి వచ్చేసరికి సాగదీసిన పర్లేదులు ఎక్కువైపోయాయి. అంతకుముందు మందలో పాతికో ముప్ఫయ్యో ఉండేవి. ఇప్పుడు సగం పైన అవే. గొర్రె మీద చెయ్యి వేస్తే తీసేవాడు కాదు. కళ్లు మూసుకుని, మెడ పక్కకి వాల్చి, అలా ఉండిపోయేవాడు. చివరికి, పర్లే...దు.

నాకు ఒళ్లు మండేది. గేటు మీద అలిగాడని అనుకున్నాను. నోరు తెరిచి వద్దని చెప్పడం చేతకాక ఇలా పని సాగదీస్తున్నాడని, తమ్ముడి సరదా చెడగొట్టడానికి మొండికేస్తున్నాడని అనుకున్నాను. ఎండలో గంటల తరబడి నిలబడి, నూట పది గొర్రెలకి ప్రశ్నలన్నీ పూర్తి చేసే ఓపిక నాకు లేకపోయింది. సాగదీసినా, తీయకపోయినా ఆకుపచ్చే నొక్కుకుంటూ పోయాను. అది నేను చేసిన పని. ఎవరూ చెయ్యి పట్టి చేయించలేదు.

మధ్యలో ఒకరోజు ఆయన నా వైపు తిరిగి, "ఇదిగో, నువ్వు కూడా ఓసారి చెయ్యెయ్యి" అన్నాడు.

"నాకెందుకు ఆ జిడ్డు? మీరున్నారుగా" అన్నాను ఫోన్ లోంచి తల ఎత్తకుండా.

మళ్లీ రెండు రోజుల తర్వాత అడిగాడు. "నేర్చుకుంటే మంచిదే కదా" అన్నాడు. అది ఆయన లెక్కలో పెద్ద ప్రసంగం. "వంట మీరు నేర్చుకోండి, ఇది నేను నేర్చుకుంటాను" అని నవ్వేశాను. ఆయన కూడా నవ్వాడు. ఇక అడగలేదు.

ఆ వేసవిలోనే మా ఇంట్లో నాలుగు గాజు గ్లాసులు పగిలాయి. నాలుగూ ఆయన చేతిలోంచి జారినవే. "చేతికి వెన్న రాసుకున్నారా?" అని అరిచాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మానేసి మెడ మీదుగా తొడుక్కునే బనియన్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. ముసలితనంలో సోకు ఎక్కువైందని వెక్కిరించాను. ఒకసారి పొయ్యి మీది టీ గిన్నెని మసిగుడ్డ లేకుండా పట్టుకుని దించాడు. వేళ్లకి బొబ్బలెక్కాయి. "కాల్తోందని తెలీదా?" అంటే "ఏదో ఆలోచిస్తున్నా" అన్నాడు. నా భుజం మీద వేళ్లు ఆనించడం కూడా ఆ వేసవిలోనే ఆగిపోయింది. నేను అది గమనించాను. గమనించి, ఇన్నేళ్లయ్యాక ఇంకా ఏం మిగులుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

చలి మొదలయ్యేనాటికి గేటు చదువు పూర్తయింది. ఇక దాని పాటికది పని చేసుకుపోయింది. పొద్దున్నే తలుపు తీస్తే చాలు, గొర్రెలు బారుగా వెళ్లేవి, తలుపులు ఎడమకీ కుడికీ టపటపలాడేవి. అరగంటలో మంద మొత్తం రెండు దొడ్లలోకి సర్దుకునేది. మరిది ఫోన్ చేసి మరీ అందర్నీ పిలిచి చూపించేవాడు. మా ఆయన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని ఒక పక్కన నిలబడేవాడు. ఆయన్ని అలా చూస్తే నాకు జాలి వేసేది. జాలి వేసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, అది నా దరిద్రం. "అలా దిష్టిబొమ్మలా నిలబడకపోతే ఇంట్లోకొచ్చి కూర్చోవచ్చుగా" అనేదాన్ని.

మందలో ఒక గొర్రె ఉండేది. దాన్ని చాడీకోరు అని పిలిచేవాళ్లం. పుట్టినప్పుడు తల్లి దగ్గరికి రానివ్వకపోతే వంటింటి వెనక అట్టపెట్టెలో పెట్టి, సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. పెద్దదయ్యాక కూడా వంటింటి వైపు కంచె దగ్గరికి వచ్చి రోజూ నాకు ఏదో ఒకటి అరిచి చెప్పేది. మరిది షెడ్డు వెనకాల దొంగతనంగా సిగరెట్టు కాలిస్తే నాకు తెలిసేది దాని వల్లే. అక్కడ మనిషి కనిపిస్తే చాలు, నన్ను చూస్తూ గొంతు చించుకునేది.

"నీ చెల్లెలు చెప్పేసిందా వదినా?" అనేవాడు మరిది నాలుక కరుచుకుని.

ఆ ఏడు దాని కడుపులో కవలలు ఉన్నారని పరీక్షలో తేలింది. మందలో చాలా వాటికి కవలలే. ఇంకో నెలలో ఈతలు మొదలవుతాయి. ఈ ఆఖరి నెలే గండం. కడుపు నిండా పిల్లలే ఉంటాయి కాబట్టి తల్లికి మేత పట్టదు. ఆ కాస్త మేతలోనే బలం ఉండాలి, దాణా పడాలి. పడకపోతే తల్లి తన ఒళ్లు కరిగించి పిల్లలకి పెడుతుంది. చివరికి పిల్లలూ మిగలవు, తల్లీ మిగలదు. మా ఆయన చెయ్యి ఇన్నాళ్లూ కాపు కాసింది ఈ నెల కోసమే.

గేటు చాడీకోరుని రోజూ ఎడమకే పంపేది. ఎడమ అంటే బాగున్నట్టు. నాకు సంతోషంగానే ఉండేది. ఒక వారం తర్వాత, దాని అరుపు వినపడట్లేదని తోచింది. వెళ్లి చూస్తే దొడ్డిలో ఒక మూల ఒంటరిగా నిలబడి ఉంది. పిలిస్తే తల తిప్పింది గానీ రాలేదు.

"ఏవండీ, చాడీకోరు చాడీలు మానేసింది. ఓసారి చూడండి" అన్నాను.

ఆయన లోపలికెళ్లి దాని నడుము మీద చెయ్యి వేశాడు. చాలాసేపు ఉంచాడు.

"పర్లే...దు."

అనుమానమేమో అనిపించింది. మరిదిని అడిగాను. ఫోన్ తీసి చూపించాడు. ఆకుపచ్చ. పైన చూస్తే బొద్దుగానే ఉంది. ఇంకేం, నేను వచ్చి నా పని చూసుకున్నాను.

మూడో రోజు పొద్దున అది లేవలేదు. గోడకి తల ఆనించి, కళ్లు తెరుచుకునే ఉండి, ఏమీ చూడకుండా పడుకుని ఉంది. దాని పక్కన ఇంకో రెండు అలాగే ఉన్నాయి. మరిది పరుగెత్తుకెళ్లి పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చాడు.

ఆవిడ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని ముందు దాని నోటి దగ్గర వాసన చూసింది.

"తియ్యటి వాసనొస్తోంది. ఒళ్లు కరిగిపోతోంది. దాణా ఎన్నాళ్ల నుంచి లేదు?"

"ఇది బాగున్న లెక్కలో ఉంది డాక్టరమ్మా. చూడండి" అని మరిది ఫోన్ చాపాడు.

ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. ఉన్నిలోకి వేళ్లు పోనిచ్చి నడుము నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. తల ఎత్తి మా ఆయన వైపు చూసింది. పదేళ్లుగా ఆయన్ని ఎరిగిన మనిషి. కుర్ర డాక్టర్లకి చెయ్యి ఎలా వెయ్యాలో నేర్పించమని వాళ్లని ఆయన దగ్గరికి పంపింది ఆవిడే.

"మీరోసారి చెయ్యి వెయ్యండి" అంది.

ఆయన కూర్చున్నాడు. చెయ్యి వేశాడు. కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను.

"పర్లే...దు" అన్నాడు.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, ఆయన చెయ్యి ఉన్నచోటే ఉన్నిలోకి దూర్చింది. నా వేళ్లకి ఎముకలు తగిలాయి. కండ లేదు, కొవ్వు లేదు. ఒక్కో పూసా విడివిడిగా, మొనదేలి, నా చేతికి గుచ్చుకుంది. నేర్చుకోని నాకే తెలుస్తోంది. ఎవరికైనా తెలుస్తుంది.

ఆవిడ ఆయన అరచెయ్యి వెల్లకిలా తిప్పి, తన పెట్టెలోంచి సూది తీసి, చూపుడువేలి కొసన గుచ్చింది. నెత్తుటి బొట్టు వచ్చింది. ఆయన అప్పటికీ గొర్రె మొహం వైపే చూస్తున్నాడు. తల కూడా తిప్పలేదు. పక్క వేలు గుచ్చింది. ఆయన అలాగే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది నెమ్మదిగా.

"నిన్నటిదాకా తొట్టి దగ్గరికి వచ్చేదమ్మా" అన్నాడాయన.

"గొర్రె సంగతి కాదు. మీ చెయ్యి."

ఆయన అప్పుడు చూసుకున్నాడు తన వేలిని. నెత్తురు తుడుచుకుని చెయ్యి కోటు జేబులో పెట్టేసుకున్నాడు. "ఎండాకాలం ముందు నుంచి" అన్నాడు.

ఆ పూటే మంద మొత్తాన్నీ డాక్టరమ్మ చేత్తో చూసింది. ఎడమ దొడ్డిలో ఉన్నవాటిలో అరవై పైన తరిగిపోయినవే. అప్పటికప్పుడు దాణా పెట్టాం. పడిపోయినవాటికి రోజుకి మూడుసార్లు తియ్యటి మందు నోట్లో పోశాం. కొన్ని లేచాయి. పద్నాలుగు తల్లులు లేవలేదు. చాడీకోరు మందు మొదలుపెట్టిన మూడో రోజు మధ్యాహ్నం, నా ఒళ్లో తల పెట్టుకుని పోయింది. కడుపులో పిల్లలు అంతకుముందే పోయాయట. చివర్లో ఒకసారి నోరు తెరిచింది గానీ చప్పుడు రాలేదు. ఏం చెప్పబోయిందో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. చెబితే నా మీదే చెప్పి ఉండేది.

దాన్ని తీసుకెళ్లాక ఇద్దరం వంటగదిలో కూర్చున్నాం. ఆయన టీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని పట్టుకున్నాడు. ఎన్ని నెలలుగా అలా పట్టుకుంటున్నాడో నాకు అప్పుడు కనిపించింది. నా తప్పు నేను చెప్పేసుకుంటే తప్ప ఊపిరాడేలా లేదు.

"మీరు సాగదీసినవన్నీ నేను ఆకుపచ్చే నొక్కాను. పసుపు నొక్కితే ప్రశ్నలేస్తుందని, విసుగేసి... నాకు తెలిసి కూడా నొక్కాను. గేటు తప్పేం లేదు. అది నేను చెప్పిందే నేర్చుకుంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీకు తెలీదులే" అన్నాడు. "అనుమానమొచ్చి సాగదీయలేదు నేను. కాసేపు ఉంచితే ఏమన్నా తెలుస్తుందేమోనని ఆగేవాణ్ణి. చలికాలం తొడుక్కునే మందపాటి తొడుగులుంటాయి చూడు, అవి వేసుకుని తడిమినట్టుండేది. తర్వాత అదీ లేదు. నువ్వు పసుపు నొక్కినా తప్పే అయ్యేది."

ఇరవయ్యారేళ్లుగా మూడే అనుకున్నాను. నాలుగోది ఉంది. నాకేమీ తెలియట్లేదు అని చెప్పే పర్లేదు. అది నా చెవికి దొరకలేదు.

"నాతో చెప్పొచ్చుగా?" అన్నాను. ఏడుపొచ్చేసింది. "మీకా గేటంటే పడదనుకున్నాను. అలిగారనుకున్నాను."

"గేటంటే పడకపోవడమేంటి?" అన్నాడు ఆశ్చర్యంగా. "అది తొందరగా నేర్చుకోవాలని ఈ ఇంట్లో నాకన్నా ఎవరు కోరుకున్నారు? అది నేర్చేసుకుంటే ఇక నన్ను చెయ్యెయ్యమనేవాళ్లుండరు. ఎవరికీ తెలీకుండా గడిచిపోతుందనుకున్నా." గ్లాసు కింద పెట్టాడు. "చెయ్యి పోయిందని ఏమని చెప్పను? చెయ్యి తప్ప నాకేమొచ్చు?"

నా వైపు చూడకుండానే అన్నాడు. "నిన్ను చెయ్యెయ్యమన్నాను కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

మనుషుల డాక్టరు మెడలో నరాలు నలిగిపోయాయన్నాడు. ఏళ్ల తరబడి గొర్రెల్ని ఎత్తడం, వంగడం, అన్నీ కలిసి. ఆపరేషన్ చేస్తే ఇంకా ముదరకుండా ఆగుతుందట. పోయింది మాత్రం రాదట. ముందే వచ్చుంటే వచ్చేదా అని నేను అడగబోతే ఆయన నా మోచెయ్యి తట్టాడు, అడగొద్దని. ఆ తట్టడం కూడా గట్టిగా తగిలింది. ఎంత బలంగా తడుతున్నాడో ఆయనకి తెలియదు.

ఈతల కాలం ఎలాగో గడిచింది. ఒకరోజు మరిది మా వంటగది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఆ పద్నాలుగూ పోయాక సిగరెట్టు మానేశాడు, నవ్వడమూ మానేశాడు.

"వదినా, గేటువాళ్లు ఫోన్ చేశారు. నేర్పిందంతా చెరిపేసి మళ్లీ మొదట్నుంచి నేర్పాలంట" అన్నాడు. "మంచి చెయ్యి కావాలంట." ఆ మాట నోటిలోంచి వచ్చాక గానీ ఏమన్నాడో తెలియలేదు వాడికి. అన్నయ్య లోపలే ఉన్నాడు. వాడు గుమ్మం పట్టుకుని ఏడ్చేశాడు.

"ఏడవకురా" అన్నాడు మా ఆయన లోపల్నుంచి. "మీ వదిన చేస్తుంది."

మర్నాటి నుంచి నేను నేర్చుకుంటున్నాను. ఆయన నా వెనక నిలబడతాడు. గొర్రె మీద నా చెయ్యి ఉంటుంది.

"కొస తగుల్తోందా?"

"ఏదో తగుల్తోంది."

"ఏదో అంటే?"

నాకు చెప్పడం రాదు. ఆయనకి అడగడం రాదు. ఆ చేతికి తెలిసినదాన్ని ఆయన ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు, అవసరం రాలేదు. ఖాళీ అరచెయ్యి వంక చూసుకుంటూ మాటల కోసం వెతుక్కుంటాడు. ఒకరోజు బాగా ఆలోచించి, నా ఎడమ చెయ్యి పట్టుకుని పిడికిలి బిగించాడు. "కుడిచేత్తో ఈ కణుపులు తడిమి చూడు. నడుము ఇలా తగిలిందంటే తరిగిపోయినట్టు." తర్వాత నా వేళ్లు విప్పి చాపాడు. "ఇప్పుడు వేళ్ల మీద తడుము. ఇలా ఉంటే బాగున్నట్టు." నా రెండు చేతుల మధ్య ఆయన వేలు ఉంది, చూపిస్తూ. దానికి ఏ చెయ్యీ తెలియట్లేదు.

పోయిన వారం ఒక ముసలి గొర్రె మీద చెయ్యి వేసి, నాకు తెలియకుండానే "పర్లేదు" అన్నాను.

"ఏ పర్లేదు?" అన్నాడాయన వెంటనే.

"టక్కున అనేది" అన్నాను. తల ఊపాడు. ఫోన్‌లో ఆకుపచ్చ నొక్కే ముందు ఇంకోసారి నొక్కి చూసుకున్నాను.

నిన్న పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన వంటగదిలోంచి వెళ్తూ నా వెనక ఆగాడు. ఆపరేషన్‌కి ఇంకో రెండు వారాలు ఉంది. ఆగిన అలికిడి తెలిసింది. నేను గరిటె పక్కన పెట్టి కదలకుండా నిలబడ్డాను. నా భుజం మీద రెండు వేళ్లు పడ్డాయి. ఏడాది కావస్తోంది అవి పడి.

వేళ్లు ఎక్కడ పడ్డాయో కంటితో చూసుకుంటున్నాడని నాకు తెలుసు. మెల్లగా నొక్కుతున్నాననుకుని నొక్కుతున్నాడు. గోళ్లు దిగబడుతున్నాయి. ఈ చలికాలంలో నేను చాలా చిక్కిపోయాను. ఆ భుజం ఇప్పుడు ఎముకే. ఆయన చాలాసేపు ఉంచాడు. ఏదో ఒకటి తెలుస్తుందేమోనని ఆగాడు.

తర్వాత అడిగాడు. పెళ్లయ్యాక మొదటిసారి, నోటితో.

"ఎలా ఉన్నావు?"

"పర్లేదు" అన్నాను.

ఏ పర్లేదని ఆయన అడగలేదు.